స్వరూప మిషన్‌కు నేను వేసిన సీలు

2022 జూన్. పంజాగుట్ట చౌరస్తాకు వెనక వీధిలో, ఒక పాత బిల్డింగ్ మొదటి అంతస్తులో రెండు గదులు. బయట బోర్డు మీద వినియోగదారుల సమాచార కేంద్రం అని ఉంటుంది. కింద జిరాక్స్ షాపు, దాని పక్కన ఇడ్లీ బండి. అక్కడ నేను సలహాదారుని. పేరు పెద్దగా వినిపిస్తుంది గానీ పని మామూలుదే. కొన్న నెలకే మిక్సీ కాలిపోయిందని వచ్చే ఇల్లాలికీ, హాస్టల్ అడ్వాన్సు తిరిగివ్వడం లేదని అమీర్‌పేట నుంచి వచ్చే పిల్లలకీ ఎవరికి ఉత్తరం రాయాలో, ఏ కాగితం జతచేయాలో చెప్పడం. కరపత్రాలు రాయడం. కాలనీ సంఘాలు, మహిళా పొదుపు సంఘాలు పిలిస్తే వెళ్ళి మాట్లాడటం.

ఈ పనిలో ఒక మరపురాని కేసు గురించి రాయండి మేడమ్ అని అడిగినవాళ్ళు, నేను గెలిపించిన కేసేదో రాస్తాననుకుని ఉంటారు. అలాంటివి ఉన్నాయి. చెప్పుకోవడం నాకు బాగా అలవాటు కూడా, మా ఇంట్లోవాళ్ళు విని విని విసిగిపోయారు. ఇది అలాంటిది కాదు. తల్చుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. అందుకే ఇదే రాస్తున్నాను.

ముందు నా కరపత్రం గురించి చెప్పాలి. "వస్తువు కొన్నారా? ఈ పది మాటలు గుర్తుంచుకోండి" అని పచ్చ కాగితం మీద అచ్చువేయించాం. రాసింది నేనే. అందులో ఏడో మాట: "లోపమున్న వస్తువును ముట్టుకోవద్దు, బయట రిపేరు చేయించవద్దు. అదే మీ ఎవిడెన్స్." ఎవిడెన్స్ అంటే సాక్ష్యం. కుక్కర్ పేలిందనుకోండి, దాన్ని వీధి చివర దుకాణంలో అతుకు వేయించేస్తే ఇక లోపం కంపెనీదో మనదో తేల్చడం కష్టం. నా మాటలో తప్పు లేదు. కుక్కర్‌కి లేదు. ఇంట్లో ఇంకో గిన్నె ఉంటుంది కదా మరి.

ఆ పచ్చ కాగితం చేతిలో పట్టుకునే స్వరూప మా ఆఫీసు మెట్లెక్కింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. సిరిసిల్ల వైపు నేత కుటుంబం, పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చారు. భర్త అమీర్‌పేటలో ఒక బట్టల షోరూములో సేల్స్‌మాన్. ఈమెకు మధురానగర్‌లో లేడీస్ హాస్టళ్ళ సందులో ఒక షట్టరు దుకాణం, టైలరింగ్. అప్పటికి నాలుగు నెలల కిందట తన పాత కాలి మిషన్‌ను ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి కొత్త పవర్ మిషన్ తీసుకుంది. పవర్ మిషన్ అంటే బల్ల కింద మోటారు ఉండే పెద్ద మిషన్, రెడీమేడ్ కుట్టేవాళ్ళు వాడతారు. రెండు నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత మోటారు వేడెక్కడం, మాడు వాసన, నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం. అమ్మిన షాపువాడు ఒకసారి మనిషిని పంపాడట. అతను చూసి, మీ సందులో కరెంటు ఎక్కువ తక్కువ వస్తుంది, మోటారు తప్పు కాదు, వారంటీ వర్తించదు అని చెప్పి వెళ్ళిపోయాడట.

బిల్లు ఉంది. వారంటీ కార్డు ఉంది, దాని మీద షాపు ముద్ర కూడా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా దగ్గరకు వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది బిల్లు పారేసుకునే వస్తారు. ఈమె అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో, ఒక్క మడత కూడా పడకుండా పెట్టుకొచ్చింది. ఇన్‌టేక్ ఫారం తీశాను. వచ్చినవాళ్ళ వివరాలు మొదట రాసుకునే కాగితం అది. వస్తువు పేరు, కొన్న తేదీ, బిల్లు నంబరు, లోపం ఏంటి, ఏం కావాలి. టకటకా నింపేశాను. మోటారు మార్చి ఇయ్యాలె, ఇంకేమొద్దు అంది.

అక్కడితో ఉత్తరం రాసి పంపించేస్తే సరిపోయేది. నేనలా ఊరుకునే రకాన్నా! ఈ కేసు గట్టిగా చేద్దాం, నేనే వచ్చి చూస్తాను అన్నాను.

మర్నాడు సాయంత్రం మధురానగర్ వెళ్ళాను. హాస్టల్ పిల్లలు క్లాసుల నుంచి తిరిగొచ్చే వేళ. దుకాణం ముందు అయిదారుగురు నిలబడి ఉన్నారు, కుర్తీలు టైటు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు, బ్లౌజు పీసులు తెచ్చినవాళ్ళు. పక్కన ఇస్త్రీ బండావిడ, ఎదురు కిరాణా ఆయన. ఇంతమంది చూస్తుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. అదొక అవగాహన సదస్సులాగే అనిపించింది. మిషన్ ఫొటోలు తీశాను. స్వరూప చేతే పాత దుప్పటి ఒకటి తెప్పించి మిషన్ తల నుంచి మోటారు దాకా చుట్టించి, పురికొసతో కట్టించాను. ముడి మీద తెల్ల కాగితం అంటించి, ఎర్ర స్కెచ్ పెన్నుతో "సాక్ష్యం. ముట్టరాదు" అని రాసి, కింద సంతకం చేసి, బ్యాగులోంచి మా కేంద్రం గుండ్రటి రబ్బరు స్టాంపు తీసి వంకాయ రంగు ముద్ర వేశాను. పక్కన స్వరూపను నిలబెట్టి ఇంకో ఫొటో తీశాను.

నిజం చెప్పాలంటే ఆ ముద్రకు చట్టంలో ఏ విలువా లేదు. కమిషన్ వాళ్ళు, అంటే వినియోగదారుల కోర్టు వాళ్ళు, అవసరమైతే వాళ్ళే సీలు వేయించి పరీక్షకు పంపిస్తారు. ఆ స్టాంపు మేం కరపత్రాల రసీదుల మీద కొట్టుకునేది. అది నాకు తెలుసు. తెలిసీ కొట్టాను, చూసేవాళ్ళకు గట్టిగా కనిపిస్తుందని.

అంతా అయ్యాక ఆమె ఒక్కటే అడిగింది.

"ఎన్ని దినాలు ముట్టద్దు మేడమ్?"

"మేం చెప్పేదాకా" అన్నాను. "ఈ సీలు చిరిగిందంటే మాత్రం నీ కేసు పోయినట్టే, చూసుకో."

ఆమె తల ఊపింది. రేపటి నుంచి నువ్వు దేని మీద కుడతావమ్మా అని నేను అడగలేదు. ఆ గదిలో ఇంకో మిషన్ లేదు. నా కళ్ళ ముందే లేదు. కత్తెర బల్ల, అద్దం, గోడకు కొక్కేలు, మధ్యలో దుప్పటి కప్పుకున్న మిషన్. నా ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు, నాకు తట్టలేదు, అంతే.

షాపుకు ఉత్తరం వెళ్ళింది. పదిహేను రోజుల్లో జవాబొచ్చింది: మా టెక్నీషియన్‌ను మళ్ళీ పంపి, అవసరమైతే మోటారు ఉచితంగా మారుస్తాం అని. ఒక్క ఉత్తరానికే దిగొచ్చాడని పొంగిపోయాను. ఫైలు మీద క్లోజర్ కొట్టాను. క్లోజర్ అంటే కేసు ముగిసింది, పరిష్కారమైంది అని. నిజానికి వస్తువు బాగయిందని ఫిర్యాదు చేసినవాళ్ళు చెప్పాకే అది కొట్టాలి. నెలాఖరు రిపోర్టులో ఒక పరిష్కారం ఎక్కువ కనబడుతుందని ముందే కొట్టాను. స్వరూపకు ఫోన్ చేద్దామనుకున్నాను. ఆ రోజు ఏదో పని తగిలింది. ఏ పనో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

కానీ ఆమె ఫొటో మాత్రం నాతోనే ఉంది. ఎక్కడ మీటింగుకు వెళ్ళినా తెర మీద చూపించేదాన్ని. "చూడండమ్మా, ఈమె చదివింది పదో తరగతి. బిల్లు దాచింది, వారంటీ కార్డు దాచింది, వస్తువును ముట్టలేదు. ఇలా ఉండాలి!" దుప్పటి కట్టిన మిషన్, పక్కన చేతులు కట్టుకుని స్వరూప. లక్డీకాపూల్‌లో ఉద్యోగినుల సంఘంలో చప్పట్లు కొట్టారు. సోమాజిగూడలో ఒక అపార్ట్‌మెంట్ సంఘంవాళ్ళు నాకు శాలువా కూడా కప్పారు. ఆ శాలువా మా బీరువాలో ఉంది.

ఇలా పధ్నాలుగు నెలలు. మరుసటి ఏడాది ఆగస్టు అనుకోండి, వానలు పడుతున్నాయి. మధురానగర్‌లోనే ఒక పొదుపు సంఘం మహిళలు కమ్యూనిటీ హాల్లో మాట్లాడమన్నారు. నలభై మంది దాకా కూర్చున్నారు. నేను మామూలుగానే ఏడో మాట దగ్గరికి రాగానే తెర మీద స్వరూప ఫొటో వేశాను. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మెచ్చుకుంటున్నారనుకున్నాను. రెండో వరుసలో ఒకావిడ లేచి నిలబడింది. ఇస్త్రీ బండావిడే. అప్పటికి నేను గుర్తుపట్టలేదు.

"మేడమ్, గిది మా సందుల స్వరూప దుకాణం గాదా? దొంగ మిషన్ కొన్నదని పోలీసులు సీల్ వేసిండ్రంటరు గదా. గామె ఫొటో ఎందుకు చూపెడుతున్నరు?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. లేదమ్మా, ఆ సీలు నేనే వేశాను, పోలీసులకేం సంబంధం అన్నాను. ఇంకో ఇద్దరు లేచారు. సాక్ష్యం అని ఎర్రగా రాసుందట, ముద్ర ఉందట, సాక్ష్యమంటే కేసు కాదా, కేసు లేకపోతే ఇన్ని నెలలు ఎందుకు తీయలేదు? హాస్టల్ పిల్లల్లో ఏడాదికోసారి సగం మంది మారిపోతారు. నేను సీలు వేసినరోజు చూసినవాళ్ళు వెళ్ళిపోయారు, కొత్తగా వచ్చినవాళ్ళకు కనబడింది ముద్రే. కేసున్న దుకాణానికి పట్టుచీర బ్లౌజు ఎవరిస్తారు? ఇవ్వలేదు. ఇస్త్రీ ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది, ఎవరెవరో చెప్పంగ చెప్పంగ నేను సుత ఇంతకాలం అట్లనే అనుకున్న మేడమ్ అని. ప్రొజెక్టర్ ఆపేసి, ఏదో చెప్పి మీటింగు ముగించాను.

ఆఫీసుకు వచ్చి ఫైలు తీశాను. క్లోజర్ ముద్ర చక్కగా ఉంది. కంప్యూటర్లో షాపు పేరు కొట్టి వెతికాను. క్లోజర్ కొట్టిన వారానికే షాపునుంచి ఒక మెయిల్ వచ్చి ఉంది. ముగిసిన కేసులకు వచ్చేవన్నీ ఒక ఫోల్డర్లోకి తోసేయడం నా అలవాటు. తెరవనేలేదు. అందులో నాలుగే వాక్యాలు. మా టెక్నీషియన్ కొత్త మోటారు తీసుకుని వెళ్ళాడు, మిషన్‌కు మీ సంస్థ సీలు ఉంది, సీలు తీయడానికి కస్టమర్ ఒప్పుకోలేదు, దయచేసి మీరు అనుమతి ఇస్తే మళ్ళీ వస్తాం.

కొత్త మోటారు ఆమె గుమ్మం దాకా వచ్చింది. నా కాగితం చూసి వెనక్కి వెళ్ళింది. నేను ఒక్క ముక్క, తీసేయండి అని రాస్తే చాలు. షాపువాళ్ళ మీద కంప్లెయింటు రాసి రాసి బతికినదాన్ని, ఇందులో కంప్లెయింటు నా మీద రాయాలి. మా ఆఫీసు అటెండరు యాదగిరి టీ తెచ్చి పెట్టాడు, అది చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున పదింటికల్లా వెళ్ళాను. దుకాణం తెరిచే ఉంది. కత్తెర బల్ల పక్కన కింద చాప వేసుకుని స్వరూప ఒక చీరకు ఫాల్ కుడుతోంది, చేత్తో. పక్కన ఇంకో ఏడెనిమిది చీరలు. అమీర్‌పేటలో ఒక పెద్ద టైలర్ ఫాల్స్, హుక్కులు, కాజాలు ఈమెకు పంపిస్తాడట, చేత్తో చేసే పని. పేరు ఆయనది, వేళ్ళు ఈమెవి. చూపుడు వేలి చివర సూది గుచ్చుకుని గుచ్చుకుని నల్లబడి ఉంది.

మిషన్ అక్కడే ఉంది, అదే దుప్పటి, అదే ముడి. నా కాగితం మీద పారదర్శకంగా ఉండే పాలిథిన్ ముక్క అంటించి ఉంది, టేపుతో, నాలుగు వైపులా. వానకు తడిసి చిరుగుతుందేమోనని తనే అంటించిందట. అందుకే నా సంతకం నిన్న చేసినట్టుంది.

నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేసింది. కోపంగా చూస్తుందేమో, తిడుతుందేమో అని నేను ఆటోలో దారంతా సిద్ధపడుతూ వచ్చాను. ఆమె ముఖంలో వచ్చిన ఆశ చూస్తే తిట్లే నయమనిపించింది.

"ముట్టలే మేడమ్" అంది. "మా ఆయన చింపుతనన్నడు. నేనే వద్దన్న. చింపితే కేసు పోతదని మీరు చెప్పిండ్రు గదా. అయ్యిందా కేసు?"

ఎలా చెప్పాలో తెలియక మొదలుపెట్టి, మధ్యలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టి చెప్పాను. కేసు ఏడాది కిందటే అయిపోయిందమ్మా, నీకు చెప్పడం మర్చిపోయాను. ఆమె సూది చీరకు గుచ్చి, చీర మడత పెట్టి, పక్కన పెట్టింది. ఆ తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. ఆఫీసుకు రెండుసార్లు ఫోన్ చేసిందట. రెండుసార్లూ ఎత్తింది ఆడమనిషి గొంతేనట, వాళ్ళు చూస్తారమ్మా, నువ్వు మాత్రం వస్తువు ముట్టకు అని చెప్పి పెట్టేసిందట. మా ఆఫీసులో ఫోన్ ఎత్తే ఆడమనిషిని నేనే. ఎవరు మాట్లాడుతున్నారని కూడా అడగకుండా ఏడో మాట అప్పజెప్పి పెట్టేశానన్నమాట. ఒకసారి మనిషే వచ్చిందట. తాళం వేసి, అవగాహన సదస్సుకు వెళ్ళాం అని బోర్డు పెట్టి ఉందట. ఆ సదస్సులో నేను ఎవరి ఫొటో చూపించి ఉంటానో ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇవన్నీ ఆమె ఫిర్యాదులా చెప్పలేదు. దొంగ మిషన్ అన్న మాట మాత్రం వచ్చినప్పుడు గొంతు మారింది. ఎదుటివాళ్ళ బట్ట మన దగ్గర పెట్టి పోతారు మేడమ్, నమ్మకం మీదనే గదా, మాకున్నది అదొక్కటే అంది. మోటారు కోసం వేసిన సీలని ఎంతమందికి చెప్పినా, మరి ఇన్ని నెలలు ఎందుకు తీయలేదని అడిగేవారట. మేడమ్ వస్తది, చెప్తది అనేదట. ఆ మేడమ్ రాలేదు.

నేను కత్తెర తీసుకుని పురికొస దగ్గరకు వెళ్ళాను. కనీసం అదైనా వెంటనే చేద్దామని. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడు గాదు మేడమ్. సీల్ ఏసిననాడు అందరి ముందట ఏసిండ్రు. తీసుడు సుత అందరి ముందటనే తియ్యాలె. సాయంత్రం అయిదున్నరకు హాస్టల్ పిల్లలందరు వస్తరు. జర అప్పటిదాక ఆగుండ్రి."

నిజం చెప్తున్నాను, నాకు పారిపోవాలనిపించింది. రేపు వస్తానందామా, ఉత్తరం ఒకటి రాసి గోడకు అంటిద్దామా అని ఆలోచించాను. ఇంత వయసు వచ్చి ఆ సందులో నిలబడి తప్పు ఒప్పుకోవడానికి నా ప్రాణం ఒప్పుకోలేదు. పధ్నాలుగు నెలలు ఆమె నిలబడిన సందు అదే.

మధ్యాహ్నం షాపుకు వెళ్ళాను, మోటారు సంగతి తేల్చుకుందామని. వారంటీ దాటిపోయి ఆరు నెలలైంది. వాదించడానికి మాటలన్నీ కూడబలుక్కుని వెళ్ళాను. ఓనరు పెద్దాయన, మెయిల్ చూపించి, "మా కుర్రాడు వెళ్తే మీ సీలు చూసి వెనక్కొచ్చాడు. అనుమతివ్వమని రాశాం. ఇందులో మా తప్పేంటి మేడమ్?" అన్నాడు. ఏమీ లేదండీ అన్నాను. ఈ ఉద్యోగంలో ఒక షాపువాడితో నేను ఆ మాట అనడం అదే మొదలు. ఆయన వెంటనే, స్వరూప కోసం పక్కన పెట్టిన మోటారు స్టోరులో ఉందేమో చూడమని మనిషికి చెప్పాడు. ఉంది. రేపు పొద్దున్నే బిగిస్తాం అన్నాడు.

అయిదున్నరకు సందులో ఉన్నాను. చినుకులు ఆగాయి. హాస్టల్ పిల్లలు బ్యాగులతో వస్తున్నారు. స్వరూప ఎవరినీ పిలవలేదు. దుప్పటి కట్టిన మిషన్‌ను భర్తతో కలిసి జరిపి షట్టరు గుమ్మం దాకా తెచ్చి పెట్టింది, అంతే. ఆగి చూసేవాళ్ళు ఆగారు. ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి వచ్చింది. కిరాణా ఆయన కౌంటరు దగ్గరే మెడ చాపాడు. పదిహేను ఇరవై మంది అయ్యారు.

నా నోటికి అలవాటైన భాషే వచ్చింది. "ఈ మిషన్‌కు సంబంధించిన ఫిర్యాదు విషయంలో మా కార్యాలయంలో కొంత జాప్యం జరగడం వల్ల..." అని ఎత్తుకున్నాను. పిల్లలు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. జాప్యం దానంతటది జరగదు, ఎవరో ఒకరు చేయాలి. నాకంటే ముందు ఆ సంగతి స్వరూప పట్టుకుంది.

"గట్ల గాదు మేడమ్" అంది, మెల్లగానే. "ఎవలు మర్చిపోయిండ్రో చెప్పుండ్రి."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి జాలి నీళ్ళు కావు, సిగ్గు నీళ్ళు.

"నేను మర్చిపోయాను" అన్నాను. "స్వరూప గారు ఏ తప్పూ చేయలేదు. ఇది దొంగ మిషన్ కాదు, బిల్లు ఉంది. పోలీసులు ఎప్పుడూ రాలేదు. ఈ సీలు వేసింది నేను, తీయడం మర్చిపోయింది నేను. ఆమె నా మాట మీద ఇన్ని నెలలు దీన్ని ముట్టలేదు."

ఆమెను గారు అని పిలవడం అదే మొదటిసారని, అన్నాక తెలిసింది నాకు. పాలిథిన్ మీద కత్తెర పడింది. టేపు గట్టిగా పట్టుకుని ఉంది, రెండు మూడుసార్లు కోయాల్సి వచ్చింది. దుప్పటి విప్పితే నూనె గడ్డకట్టి, సూది దగ్గర తుప్పు. పిల్లలు మెల్లగా వెళ్ళిపోయారు. ఇస్త్రీ ఆవిడ మాత్రం స్వరూప భుజం మీద చెయ్యి వేసి, సీల్ ఏసిననాడు నేను సుత ఉంటి గదా, నన్ను సాక్ష్యం అడగవైతివేందే అంది. అడిగేది ఏముందక్కా, నువ్వు రోజు చూస్తనే ఉన్నవు గదా అంది స్వరూప.

మర్నాడు మోటారు బిగించారు, మిషన్ నడిచింది. పేరు నడవడానికి ఇంకా చాలాకాలం పట్టింది. కొంతమంది తిరిగొచ్చారు, కొంతమంది వేరే టైలర్లకు అలవాటుపడిపోయారు, వాళ్ళు రాలేదు. ఆ పధ్నాలుగు నెలలు నేను ఏ కమిషన్‌కు రాసినా తిరిగి రావు. మా సంస్థ మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు, ఎలా రాయాలో నేనే చెప్తాను అన్నాను ఆమెతో. మళ్ళ కాయిదాలా, వద్దు మేడమ్ అని దండం పెట్టింది.

పచ్చ కాగితం మార్చాం. ఏడో మాట ఇప్పుడు ఇలా ఉంటుంది: లోపమున్న వస్తువును ఫొటో, వీడియో తీయండి. తెలిసిన మెకానిక్ చేత లోపమేంటో కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. ఆ వస్తువుతోనే మీకు పూట గడుస్తుంటే, అవతలివాళ్ళకు రాతపూర్వకంగా తెలియజేసి బాగుచేయించుకోండి, తీసేసిన పాత భాగాన్ని దాచండి, అదీ సాక్ష్యమే. ఇన్‌టేక్ ఫారంలో మొట్టమొదటి గడి మారింది. వస్తువు పేరుకంటే ముందు, ఇది లేకపోతే రేపు మీకు ఎలా గడుస్తుంది అని ఉంటుంది. ఎవరినైనా ఆగమని చెప్తే ఏ తారీఖు దాకానో పక్కన రాసి, ఆ తారీఖున మేమే ఫోన్ చేస్తాం. ఎవరి ఫొటో అయినా వాళ్ళను అడగకుండా తెర మీద వేయను. రబ్బరు స్టాంపు ఆఫీసు దాటి బయటకు పోదు.

ఇంతా నేర్చుకుని, స్వరూప దగ్గరకు మళ్ళీ వెళ్ళడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఒక బ్లౌజు పీసు తీసుకుని వెళ్ళాను. మిషన్ చప్పుడు సందు మొదట్లోకే వినిపించింది. నవ్వింది, కొలతలు తీసుకుంది, పుస్తకంలో రాసుకుంది. ఊరికే ఉండలేక, ఎప్పుడు రమ్మంటావమ్మా అని అడిగాను.

ఆమె చిన్న చీటీ చింపి, తారీఖు రాసి, కింద సంతకం చేసి నా చేతికిచ్చింది.

"మంగళారం రాండ్రి మేడమ్" అంది. "నేను చెప్పిన దినానికి ఇస్త. నా కోసం ఎవలనూ ఆగనియ్య."

మంగళవారం వెళ్ళాను. బ్లౌజు ఇస్త్రీ చేసి, మడత పెట్టి, కవర్లో ఉంది.